పాతనాణేల ఆన్‌లైన్ వేలం: బెంగళూరులో ఉండి కొనడం ఎలా, అమ్మడం ఎలా

బెంగళూరులో స్థిరపడ్డ తెలుగువాళ్ల ఇళ్లలోకి పాతనాణేలు ఎక్కువగా ఊరినుంచే వస్తాయి. అమ్మమ్మ ఇనప్పెట్టెలోంచో, పూజగదిలోని వెండిగిన్నెలోంచో నాలుగు రూపాయి బిళ్లలు బయటపడతాయి. ఫోన్‌లో వెతికితే ఒకచోట అదే బిళ్ల ఆరేడు లక్షలని ఉంటుంది, ఇంకోచోట రెండువేలని ఉంటుంది. అక్కడ మొదలవుతుంది టెన్షన్. కొనేవాళ్ల సంగతీ అంతే. ఆఫీసు క్యాబ్‌లో కూచుని వేలం పేజీ తెరిచి, పక్కవాడు పెంచాడని మనమూ పెంచి, తీరా బిల్లు చేతికొచ్చాక కళ్లు తేలేయడం మామూలే.

పాట మొదలయ్యేలోపే గెలుపూ ఓటమీ చాలావరకు తేలిపోతాయి. రెండుమూడు సాయంత్రాలు కూచుని చేసే హోంవర్క్‌లోనే అసలు పనంతా ఉంది, బిడ్ బటన్ నొక్కడం చివరి పది సెకన్ల పని. అందుకే ఈ వ్యాసంలో సగానికి పైగా ఆ హోంవర్క్ గురించే ఉంటుంది.

చేతిలో ఉన్నదేంటో తేల్చుకోండి

మూడు వస్తువులు కావాలి. గ్రాములో నూరో వంతు చూపే చిన్న డిజిటల్ తూకం, పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం, ఒక అయస్కాంతం. మూడూ కలిపినా పెద్ద ఖర్చేం కాదు. వీటిలో ఏదీ లేకుండా నాణేల వ్యవహారంలోకి దిగొద్దు.

మన ఇళ్లలో ఎక్కువగా కనిపించేది బ్రిటిష్ కాలపు వెండి రూపాయి. దానిమీద బొమ్మ చూస్తే కాలం తెలిసిపోతుంది. 1835 అని ఉండి విలియం రాజు తల ఉంటే అది ఈస్టిండియా కంపెనీ దేశమంతటికీ ఒకే రకంగా వేసిన తొలి రూపాయి. 1840 అని ఉన్నవి విక్టోరియావే, కానీ ఇంకా కంపెనీ పేరుతో వచ్చినవి. 1862 నుంచి కంపెనీ పేరు పోయింది, 1877 నుంచి 'క్వీన్' స్థానంలో 'ఎంప్రెస్' వచ్చింది. కిరీటం లేని బట్టతల రాజు 1903 నుంచి 1910 దాకా నడిచిన ఏడో ఎడ్వర్డ్. ఆ తర్వాత ఐదో జార్జి, 1938 నుంచి ఆరో జార్జి.

ఇప్పుడు తూకం వేయండి. అరుగు లేని రూపాయి 11.66 గ్రాములు తూగాలి. బాగా చేతులు మారిన బిళ్ల కొంచెం తక్కువ తూగుతుంది, అది సహజం. పది గ్రాములే తూగితే మాత్రం అనుమానించాలి. 1939 దాకా వేసిన రూపాయిల్లో 91.7 శాతం వెండి. 1940 నుంచి అది సగానికి పడిపోయింది, యుద్ధకాలం కదా. 1947 రూపాయి వెండిది కానే కాదు, పులిబొమ్మ ఉన్న ఆ బిళ్ల పూర్తిగా నికెల్. దానికి అయస్కాంతం అంటుకుంటుంది. అంటుకుందని నకిలీ అనుకుని పారేయకండి. అదే విక్టోరియా రూపాయికి అయస్కాంతం అంటుకుంటే మాత్రం ఇక మాట్లాడుకోవాల్సిందేమీ లేదు.

తూకం సరిపోయినా నమ్మకం కుదరకపోతే నీళ్లతో పరీక్ష ఉంది. తూకం మీద గ్లాసుతో నీళ్లు పెట్టి రీడింగ్ సున్నా చేయండి. నాణేన్ని సన్నటి దారంతో కట్టి, గ్లాసు అడుగుకీ గోడలకీ తగలకుండా నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. ఇప్పుడు తూకం చూపించే అంకెతో నాణెం బరువును భాగించండి. 11.66 గ్రాముల అసలు వెండి రూపాయి వేలాడుతుంటే తూకం సుమారు 1.13 చూపిస్తుంది, అంటే సాంద్రత 10.3 దగ్గర. జర్మన్ సిల్వర్‌తో చేసిన నకిలీ అదే బరువుంటే తూకం 1.35 దగ్గర ఆగుతుంది. పావు గ్రాము కూడా లేని ఈ తేడా కంటికి కనిపించేది కాదు, తూకం మాత్రం పట్టేస్తుంది. నాణెం మీద గాలిబుడగ అంటుకుని ఉంటే లెక్క తప్పుతుంది, ఒకసారి దారాన్ని మెల్లగా కదిపి మళ్లీ చూడండి.

తర్వాత భూతద్దం తీయండి. అసలు నాణేలను టంకశాలలో అచ్చుతో కొడతారు, నకిలీలను చాలాసార్లు పోత పోస్తారు. పోత బిళ్లమీద సూదిమొనంత గుంటలు ఉంటాయి, అక్షరాల మూలలు మెత్తగా కరిగినట్టు కనిపిస్తాయి, అంచు చుట్టూ సన్నటి గీత తిరుగుతుంది. అంచు గాట్లను రాకినట్టు ఉందా అన్నది ముఖ్యంగా చూడండి. తేదీ అంకెల చుట్టూ కూడా. 1939 రూపాయి చాలా అరుదు, వేలాల్లో పెద్ద ధర పలుకుతుంది, కాబట్టి పక్క సంవత్సరాల బిళ్లమీద చివరి అంకె మార్చి అమ్మేవాళ్లు ఉంటారు. ఎవరైనా మీకు 1939 రూపాయి 'ఫ్రెండ్లీ రేటు'కి ఇస్తానంటే ఆ స్నేహాన్ని మర్యాదగా వదులుకోండి.

1911 రూపాయి కథ వేరు. ఐదో జార్జి అంగీ మీద ఉన్న ఏనుగు పందిలా కనబడుతోందని జనం గొడవ చేస్తే, చాలావరకు వెనక్కి తీసుకుని కరిగించేశారు. తర్వాతి ఏడాది బొమ్మ సరిదిద్ది వేశారు. కథ గొప్పగా ఉంది కాబట్టి అమ్మేవాళ్లు దాన్ని బాగా వాడుకుంటారు. కానీ ఈ బిళ్ల మరీ దొరకనిదేం కాదు. కథకి డబ్బు కట్టకండి.

తెలుగు ఇళ్లలో వెండి రూపాయి తర్వాత ఎక్కువగా దొరికేవి నిజాం నాణేలు. చార్మినార్ రూపాయి ఉంటే మధ్యద్వారంలోకి భూతద్దం పెట్టి చూడండి. ఉర్దూ 'మీమ్' అక్షరం (م) ఉంటే మహబూబ్ అలీఖాన్ కాలంది, 'ఐన్' (ع) ఉంటే ఉస్మాన్ అలీఖాన్‌ది. ఇవి బ్రిటిష్ రూపాయికన్నా కొంచెం తేలిక, 11.18 గ్రాములు, వెండి కూడా తక్కువే. 11.66 రాలేదని కంగారు పడొద్దు. బెంగళూరు చుట్టుపక్కల దొరికే టిప్పు ఏనుగు పైసా, మైసూరు ఒడెయర్ల రాగి కాసులు కూడా వేలాల్లో నిత్యం కనిపిస్తాయి. టిప్పు నాణేల మీద ఉండే మౌలూదీ సంవత్సరం (టిప్పు సొంతంగా పెట్టిన శకం) అంకెలను కుడినుంచి ఎడమకు చదవాలి, ఇది తెలియక లాట్ (వేలంలో ఒక్కో నంబరు కింద పెట్టే నాణెం లేదా నాణేల గుంపు) వివరణలే తప్పు రాసే అమ్మకందార్లున్నారు. విజయనగరం వరహాల దగ్గరకొస్తే, గండభేరుండం ఉన్నవి అచ్యుతరాయలవి. చూడగానే మనసు లాగుతుంది. కానీ బంగారు నాణేల్లో నకిలీలు ఎక్కువ, కొత్తవాళ్లు హామీ ఇచ్చే వేలం సంస్థ దగ్గర తప్ప ఇంకెక్కడా కొనకూడదు.

ఇక రాముడి పట్టాభిషేకమో, హనుమంతుడో, ఓంకారమో ఒకపక్క, 'ఈస్టిండియా కంపెనీ, హాఫ్ అణా, 1818' అని రెండోపక్క ఉన్న రాగిబిళ్లలు. వీటి గురించి అడిగేవాళ్లే ఎక్కువమంది. కంపెనీ అలాంటి నాణెం వేయలేదు. ఇవి తర్వాతి కాలంలో ఎవరో తయారుచేసి అమ్మిన బిళ్లలు. కంపెనీ మద్రాసులో వేసిన వరహాల మీద నిజంగానే స్వామి బొమ్మ ఉంటుంది కాబట్టి జనం వీటినీ సులువుగా నమ్మేస్తారు. అన్నం గిన్నెను లాగుతుందనీ, బియ్యాన్ని ఆకర్షిస్తుందనీ వీడియోలు పెట్టి లక్షలు గుంజే ముఠాలు వీటితోనే ఆడతాయి. పూజలో ఉంటే ఉంచుకోండి, వేలానికి పంపొద్దు.

స్వాతంత్ర్యం తర్వాతి నాణేలైతే సంవత్సరం అంకె కింద గుర్తు చూడండి. వజ్రం ఆకారం ఉంటే ముంబయి, ఐదు కోణాల నక్షత్రం ఉంటే హైదరాబాద్, చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. ఒకే ఏడాది, ఒకే రూపాయి, ఒక టంకశాలది మామూలుది, ఇంకోదానిది అరుదైనది కావచ్చు.

ధర ఎక్కడ చూడాలి

అమ్మకానికి పెట్టిన ధర ధర కాదు. ఎవరైనా తన బిళ్లకి కోటి రూపాయలు అని రాసుకోవచ్చు, రాయడానికి డబ్బులు కట్టక్కర్లేదు. చూడాల్సింది అమ్ముడైన ధర. వేలం సంస్థలు పాత కేటలాగులనీ, ఏ లాట్ ఎంతకు పోయిందన్న జాబితాలనీ తమ సైట్లలో ఉంచుతాయి. బెంగళూరుకే చెందిన మరుధర్ ఆర్ట్స్, ముంబయిలోని తోడీవాలా, ఓస్వాల్, అహ్మదాబాద్‌లోని క్లాసికల్ న్యూమిస్మాటిక్ గ్యాలరీ లాంటివాటి పాత ఫలితాలు తెరిచి, మీ నాణెం ఏ ఏడాదిదో, ఏ టంకశాలదో, ఏ స్థితిలో ఉందో మూడూ కలిసే అమ్మకాలు మూడునాలుగు పట్టుకోండి. అన్నిటికంటే ఎక్కువ పలికినదాన్ని పక్కన పెట్టేయండి. ఆ రోజు ఇద్దరు పంతానికి పోయి ఉంటారు. మిగతావాటి మధ్యలో ఉన్నదే మీ అంచనా.

వెండి రూపాయిలకు ఇంకో లెక్క ఉంది, కింద హద్దు. 11.66 గ్రాముల బిళ్లలో 91.7 శాతం అంటే 10.69 గ్రాముల శుద్ధవెండి. ఆ రోజు వెండి రేటుతో గుణించండి. అరిగిపోయిన, మామూలు సంవత్సరం ఐదో జార్జి రూపాయి ఆ అంకెకి కొంచెం అటూ ఇటూగానే ఉంటుంది. 1940 తర్వాతి సగం వెండి రూపాయికి ఇదే లెక్క 5.83 గ్రాములు. దీనికి ఐదారు రెట్లు ఎవరైనా అడుగుతుంటే, ఆ తేడా దేనికని అడగండి.

స్థితి అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. కేటలాగుల్లో ఎఫ్, వీఎఫ్, ఎక్స్ఎఫ్, యూఎన్‌సీ అని రాస్తారు. అరిగినా అన్నీ చదవగలిగితే ఎఫ్. చిన్నచిన్న వివరాలు కూడా నిలిచి ఉంటే వీఎఫ్. ఎత్తైన చోట్ల మాత్రమే కాస్త అరుగు ఉంటే ఎక్స్ఎఫ్. అసలు చెలామణీలోకే వెళ్లనిది యూఎన్‌సీ. విక్టోరియా రూపాయి అయితే చెవిపైన జుట్టు పాయలు, అంగీ మీది పూల అంచు చూడండి, అరుగు అక్కడే మొదలవుతుంది. వీఎఫ్‌కీ యూఎన్‌సీకీ మధ్య ధర ఎన్నో రెట్లు మారిపోవచ్చు, మోసాలు కూడా ఎక్కువగా జరిగేది ఈ సందులోనే. అందుకే ఖరీదైన నాణేలను ఎన్‌జీసీ, పీసీజీఎస్ లాంటి సంస్థలు 70 పాయింట్ల కొలమానంలో గ్రేడ్ వేసి ప్లాస్టిక్ డబ్బీలో సీలు చేసి ఇస్తాయి. డబ్బీ మీది నంబరు ఆ సంస్థ సైట్లో కొట్టి, అక్కడున్న ఫొటోతో పోల్చుకోండి. నంబరు అసలుది, డబ్బీ నకిలీది అయిన సందర్భాలు ఉన్నాయి. రెండువేల రూపాయల నాణేనికి మాత్రం ఈ గ్రేడింగ్ తతంగం దండగ.

ఐదు రూపాయల వైష్ణోదేవి బిళ్ల, ట్రాక్టర్ బొమ్మ ఉన్న ఐదు రూపాయల నోటు, 786 నంబరు నోటు లక్షలు తెస్తాయనే వీడియోలు చూసి అమ్మడానికి బయల్దేరకండి. 'రిజర్వ్ బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం, మీ నాణేనికి ముప్ఫై లక్షలు ఖాయమైంది, ముందు ఫైల్ ఛార్జీ కట్టండి' అనే ఫోన్లు కూడా ఆ వీడియోల తోకే. పాతనాణేలు, నోట్లు కొనడం అమ్మడం తన పని కాదనీ, ఎవరికీ అలాంటి అధికారం ఇవ్వలేదనీ 2021 ఆగస్టులోనే రిజర్వ్ బ్యాంకు ప్రకటించింది. డబ్బు మీకు రావాలంటే మీరు ముందు కట్టడం ఎక్కడా ఉండదు, యూపీఐ పిన్ కొట్టాల్సిన పని అంతకన్నా ఉండదు. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

చట్టం దగ్గర తేడా రాకుండా

వందేళ్లు దాటిన నాణెం 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం పురావస్తువు. దేశం లోపల కొనుక్కోవచ్చు, ఇంట్లో ఉంచుకోవచ్చు. దేశం దాటించడం మాత్రం మామూలు మనుషులకు నిషేధం. ఇది ఈబేలో విదేశీ కొనుగోలుదారుకి పోస్టులో పంపడానికీ వర్తిస్తుంది, అమెరికాలో ఉన్న అబ్బాయికి తాతగారి విక్టోరియా రూపాయి సూట్‌కేసులో సర్ది పంపడానికీ వర్తిస్తుంది. రెండోది చాలామందికి తెలియదు, ఎయిర్‌పోర్టులో తెలుస్తుంది. ఆ వందేళ్ల గీత ఏటా ముందుకి జరుగుతూ ఉంటుంది, ఐదో జార్జి నాణేలు ఒక్కొక్క ఏడాదివి లోపలికి వచ్చేస్తున్నాయి. పురావస్తువుల వ్యాపారం చేయాలంటే లైసెన్సు కావాలి. ఇంట్లోవి ఒకటిరెండు అమ్ముకోవడం వేరు, కొని అమ్మడమే పనిగా పెట్టుకోవడం వేరు. రెండోదానిలోకి దిగేముందు లాయర్‌ని కలవండి.

పొలం దున్నుతుంటేనో, పాతిల్లు పడగొడుతుంటేనో దొరికిన కుండలోని నాణేలు దొరికినంత మాత్రాన దొరికినవాడివైపోవు. ముందు జిల్లా అధికారికి తెలియజేయాలి. అలాంటి 'భూమిలో దొరికిన సరుకు' తక్కువకిస్తానని ఎవరైనా వాట్సాప్‌లో ఫొటో పెడితే దగ్గరకి వెళ్లకండి. చాలాసార్లు అది దొరికిన సరుకు కూడా కాదు, ఇత్తడి.

రద్దయిన ఐదువందలు, వెయ్యి నోట్లకి 2017లో ప్రత్యేక చట్టం వచ్చింది. మామూలుగా పదికి మించి, నాణేలూ నోట్ల సేకరణకో పరిశోధనకో అయితే ఇరవైఐదుకి మించి దగ్గర ఉంచుకోకూడదు. కట్టలుగా అమ్మేవాళ్లని చూస్తే ఈ అంకెలు గుర్తు తెచ్చుకోండి.

పాటలో పాల్గొనడం

వేలం సంస్థ సైట్లో పేరు నమోదు చేసుకోవాలి. పాన్, ఆధార్, చిరునామా అడుగుతారు. కొత్తవాళ్లని డిపాజిట్ కట్టమనో, పాత కొనుగోళ్ల వివరాలు ఇమ్మనో అడగొచ్చు. ఇది వేలానికి వారం ముందే చేసుకోండి, ఆఖరిరోజు కేవైసీ పెండింగ్‌లో పెట్టుకుని పాట పాడలేరు.

తర్వాత షరతుల పేజీ. ఎవరూ చదవరు, మీరు చదవండి. మూడు విషయాలు వెతకండి. కొనుగోలుదారు కమీషన్ ఎంత శాతం? నకిలీ అని తేలితే ఎన్నిరోజుల్లోగా వెనక్కి తీసుకుంటారు? నాణేన్ని గ్రేడింగ్ డబ్బీలోంచి బయటకి తీస్తే ఆ హామీ పోతుందా?

కమీషన్ గురించి లెక్క వేసుకుందాం. పాట పదివేల దగ్గర ఆగిందనుకోండి. కమీషన్ 15 శాతం అనుకుంటే 1,500. ఆ కమీషన్ మీద జీఎస్టీ 18 శాతం, 270. పోస్టు ఖర్చు రెండొందలు. మీ చేతినుంచి పోయేది 11,970. కొన్ని సంస్థలు నాణెం ధర మీద కూడా జీఎస్టీ వేస్తాయి, అప్పుడు ఇంకా పెరుగుతుంది. కాబట్టి మీ బడ్జెట్ పన్నెండువేలు అయితే పాట పదివేల దగ్గరే ఆపాలి. ఈ అంకెని కాగితం మీద రాసి కంప్యూటర్ పక్కన పెట్టుకోండి. పాట వేడెక్కాక 'ఇంకో ఐదువందలే కదా' అనిపిస్తుంది, ఆ వేలంవెర్రిలో మనసు చెప్పే లెక్క ఎప్పుడూ తక్కువే ఉంటుంది.

ఆన్‌లైన్ వేలాల్లో రెండు పద్ధతులు. మొదటిదానిలో మీ గరిష్ఠం ముందే రాసి వెళ్లిపోవచ్చు. అది బయటకి కనిపించదు, ఎదుటివాడు పెంచినప్పుడల్లా మీ తరఫున సైటే ఒక్క మెట్టు పెంచుతూ పోతుంది. మీరు పదివేలు రాసినా, రెండోవాడు ఏడువేల దగ్గర ఆగిపోతే ఏడుకి ఒక్క మెట్టు పైన మీకు వస్తుంది. ఇద్దరూ ఒకే అంకె రాస్తే ముందు రాసినవాడిది. రెండో పద్ధతి గడియారం దగ్గర కూచుని పాడటం. ఈబేలో సమయం అయిపోగానే పాట ఆగిపోతుంది, అందుకే అక్కడ ఆఖరి సెకన్లలో దూరేవాళ్లుంటారు. మనదేశపు సంస్థల్లో చాలాచోట్ల ఆఖరి నిమిషాల్లో ఎవరైనా పెంచితే గడువు మళ్లీ కొంచెం పొడిగిస్తారు, అక్కడ ఆ ఎత్తు పనిచేయదు. నా సలహా మొదటి పద్ధతే. నిద్ర చెడదు, కాగితం మీద రాసిన అంకెకి కట్టుబడి ఉండటం సులువు.

లాట్ ఫొటో ఒక్కటి చూసి పాడొద్దు. వివరణలో చిన్న అక్షరాల్లో ఉండే మాటలు ధరని సగం చేస్తాయి. 'క్లీన్డ్' అంటే తోమింది. 'ఎక్స్ మౌంట్' అంటే ఒకప్పుడు కొక్కెం అతికించి మెడలో వేసుకున్నది, అంచుమీద టంకం మచ్చ ఉంటుంది. కాసులపేరు సంప్రదాయం ఉన్న మన వైపునుంచి వచ్చే నాణేల్లో ఇది చాలా మామూలు. 'ష్రాఫ్ మార్క్' అంటే వెండి అసలుదో కాదో చూడటానికి సరాఫు వేసిన ముద్ర. ఇవేవీ నకిలీ అని చెప్పవు, కానీ సేకర్తల దగ్గర విలువ తగ్గిస్తాయి. అనుమానం ఉంటే అంచు ఫొటో, తూకం పంపమని మెయిల్ పెట్టండి. పంపనివాళ్ల దగ్గర కొనక్కర్లేదు.

బెంగళూరులో ఉన్నందుకు ఒక సౌకర్యం ఉంది. ఇక్కడ జరిగే వేలాలకి ముందు లాట్లు స్వయంగా చూసే అవకాశం ఇస్తారు, నాణేల ప్రదర్శనలు కూడా జరుగుతుంటాయి. మారతహళ్లి నుంచి మెజెస్టిక్ దాకా ట్రాఫిక్‌లో వెళ్లడం హింసే, అయినా ఐదంకెల నాణెం కొనేటప్పుడు ఆ పూట పెట్టండి. నోట్ల మీద ఆసక్తి ఉంటే బ్రంటన్ రోడ్డులో రెజ్వాన్ రజాక్ మ్యూజియం ఆఫ్ ఇండియన్ పేపర్ మనీ చూసిరండి. అసలు నోటు కాగితం, ముద్రణ ఎలా ఉంటాయో దగ్గర్నుంచి చూశాక, ఫొటోల్లో నకిలీలను పట్టుకోవడం తేలికవుతుంది.

నాణెం ఇంటికొచ్చాక ప్యాకెట్ విప్పడం మొదలుపెట్టినప్పటినుంచీ ఫోన్‌లో వీడియో తీయండి. చిరునామా, సీలు, లాట్ నంబరు, తూకం మీద పెట్టిన నాణెం, అన్నీ ఒకే షాట్‌లో ఉండాలి. కేటలాగు ఫొటోలో ఉన్న గీతలు, మచ్చలు చేతిలో ఉన్నదాని మీద కూడా ఉన్నాయో లేదో పోల్చండి. తేడా ఉంటే ఆరోజే మెయిల్ చేయండి, వారం తర్వాత కాదు. బిల్లు దాచండి. రేపు అమ్మాలన్నా, ఎవరైనా ఎక్కడినుంచి వచ్చిందని అడిగినా, ఆ కాగితమే మాట్లాడుతుంది.

అమ్మాలనుకుంటే

మొదటి పని, చింతపండు లోపల పెట్టేయండి. పీతాంబరి, బూడిద, టూత్‌పేస్ట్ కూడా. పండక్కి పూజసామాన్లు తోమినట్టు నాణేలు తోమితే తళతళలాడతాయి, కానీ ఉపరితలం మీద సన్నటి గీతలు పడిపోతాయి. ఏళ్ల తరబడి వెండి మీద పేరుకున్న నలుపునీ, నీలినీ సేకర్తలు ఇష్టపడి కొంటారు. తోమిన బిళ్ల భూతద్దం కింద ఇట్టే దొరికిపోతుంది. కుంకుమ, నూనె జిడ్డు ఉంటే శుద్ధమైన అసిటోన్‌లో కాసేపు ఉంచి, రుద్దకుండా ఆరనివ్వండి, గాలి ఆడేచోట, పొయ్యికి దూరంగా. అంతకుమించి ఏమీ చేయకండి. అంచులు పట్టుకునే ఎత్తండి, ముఖం మీద వేలిముద్ర పడితే అది తర్వాత మచ్చగా తేలుతుంది. మెత్తటి పీవీసీ జేబులున్న పాత ఆల్బమ్‌లోంచి కూడా తీసేయండి, ఆ ప్లాస్టిక్ రాగిమీద పచ్చటి జిగురు పుట్టిస్తుంది.

ఫొటో కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని వెలుతురులో తీయండి. ఫ్లాష్ వద్దు. తెల్లకాగితం మీద నాణెం పెట్టి, ఫోన్‌ని ఒక జానెడు ఎత్తులో స్థిరంగా ఉంచి, జూమ్ రెండు రెట్లు చేసి తీస్తే గుండ్రం వంకరపోదు. బొమ్మ, బొరుసు, అంచు, తూకం మీద అంకె, నాలుగు ఫొటోలు చాలు. ఫోన్‌లో మెరుగులు దిద్దకండి. లోపం ఉంటే ఆ లోపాన్నే దగ్గరగా తీయండి, తర్వాత వచ్చే గొడవ ఇప్పుడే తగ్గుతుంది.

ఇప్పుడు ఎక్కడ అమ్మాలన్నది తేల్చుకోవాలి. మామూలు సంవత్సరాల వెండి రూపాయిలైతే వేలానికి పంపడం దండగ, కమీషన్లకే మిగులు సరిపోతుంది. తెలిసిన సేకర్తకో, ప్రదర్శనలో డీలర్‌కో, ముగ్గురు డీలర్ల దగ్గర ధర అడిగాక ఇచ్చేయండి. డీలర్ తక్కువ అడిగాడని కోపం తెచ్చుకోవద్దు, అతనూ దాన్ని అమ్ముకోవాలి. అరుదైనదైతేనే వేలం. సంస్థకి ఫొటోలు పంపితే వాళ్లు అంచనా ధర చెబుతారు, ఒప్పుకుంటే అగ్రిమెంట్ మీద సంతకాలు.

ఆ అగ్రిమెంట్‌లో అమ్మేవాడి కమీషన్, ఫొటోలకో ఇన్సూరెన్స్‌కో అదనపు ఛార్జీ, రిజర్వ్ ధర (ఇంతకు తక్కువైతే అమ్మొద్దని మీరు పెట్టే హద్దు), అమ్ముడుపోకపోతే తిప్పి పంపే ఖర్చు ఎవరిది, డబ్బు ఎన్నిరోజులకిస్తారు అన్నవన్నీ రాతలో ఉండాలి. అదే పదివేల పాటకి అమ్మేవాడి కమీషన్ పదిశాతం అనుకుంటే, దానిమీద జీఎస్టీ కలిపి 1,180 పోను మీ చేతికి వచ్చేది 8,820. కొన్నవాడు 11,970 కట్టాడు. మధ్యలో ఉన్న మూడువేల పైచిలుకు వేలం ఖర్చు. ఇది అన్యాయమేం కాదు, కేటలాగ్, హామీ, దేశమంతటి కొనుగోలుదార్లు దానిలోనే వస్తారు. కానీ ఈ అంకె తెలియకుండా సంతకం పెట్టొద్దు.

రిజర్వ్ ధర గురించి చాలామంది పొరబడతారు. తాతగారి నాణెం కాబట్టి ఎక్కువ పెట్టాలనిపిస్తుంది. ఎక్కువ పెడితే పాటే మొదలవదు, మొదలవని లాట్ జాబితాలో 'అన్‌సోల్డ్' అని పడిపోతుంది, మళ్లీ ఆర్నెల్లకి అదే నాణెం తెస్తే జనం గుర్తుపడతారు. మీరు వెతికిపట్టిన పాత అమ్మకాల మధ్య ధరలో మూడింట రెండు వంతుల దగ్గర రిజర్వ్ పెడితే ఇద్దరుముగ్గురు దిగుతారు, ధర వాళ్లే లాక్కెళతారు. అంతకు తక్కువకి ఇవ్వడం మీకు ఇష్టం లేకపోతే అసలు అమ్మకండి.

నాణెం అప్పగించేటప్పుడు బెంగళూరులో సంస్థ ఉంటే స్వయంగా తీసుకెళ్లి, తూకం, ఫొటో రాసిన రసీదు తీసుకోండి. బయటి ఊరికి పంపాలంటే ఇన్సూరెన్స్ చేసి పోస్టాఫీసు ద్వారా పంపండి. చాలా కొరియర్ సంస్థల షరతుల్లో నాణేలు, నోట్లు, నగలు తీసుకోమని ఉంటుంది. 'డాక్యుమెంట్లు' అని అబద్ధం రాసి పంపిన ప్యాకెట్ పోతే అడిగే హక్కు ఉండదు. నాణేన్ని అట్టముక్కల మధ్య కదలకుండా టేపు వేసి, గలగలమనకుండా సర్ది, పైకవరు మీద లోపలేముందో రాయకుండా పంపాలి.

డబ్బు బ్యాంకు ఖాతాకే రానివ్వండి. ఒకే లావాదేవీలో రెండు లక్షలు, అంతకుమించి నగదుగా తీసుకోవడం ఆదాయపన్ను చట్టం ప్రకారం కుదరదు. పెద్ద మొత్తం అయితే పన్ను ఎంత పడుతుందో ఆడిటర్‌ని అడగండి, తాతగారినుంచి వచ్చినదని చూపే కాగితం ఏదైనా, పాత వీలునామా అయినా సరే, ఆయన ముందు పెట్టండి. వేలం ముగిశాక చెల్లింపు రావడానికి సాధారణంగా వారాలు పడుతుంది, కొన్నవాడు కట్టాకే మీకొస్తుంది. కొన్నవాడు కట్టకుండా ఎగ్గొడితే ఆ లాట్‌ని తర్వాతి పాటదారుకి ఇస్తారా, మీకు తిప్పి ఇస్తారా అన్నది అగ్రిమెంట్‌లో ముందే రాయించుకోండి. ఆ ఒక్క వాక్యం లేకపోతే నాణెం వాళ్ల లాకర్‌లో ఉంటుంది, డబ్బు ఎవరి దగ్గరా ఉండదు, ఫోన్లు చేస్తూ తిరగాల్సింది మీరే.